మట్టి కప్పకముందే: రాగి సర్వీస్ లైన్ పని క్రూకి నేర్పడం

అమెరికాలో సివిల్ ఎమ్మెస్ చేసిన మనవాళ్ళు ఎక్కువగా డిజైన్ ఆఫీసుల్లో సెటిల్ అవుతారు. నాలాంటివాళ్ళు కొందరు కాంట్రాక్టర్ల దగ్గర చేరి, స్టీల్ టో బూట్లు వేసుకుని గోతుల చుట్టూ తిరుగుతుంటారు. మిడ్‌వెస్ట్‌లో మాకిప్పుడు పనికి కొదవ లేదు. అంతా సీసం పైపుల పుణ్యం. వీధి మెయిన్ నుంచి ఇంట్లోకి నీళ్ళు తెచ్చే పైపు సర్వీస్ లైన్. పాత ఇళ్ళలో చాలావాటికి అది సీసంతోనే ఉంటుంది. షికాగోలో అయితే 1986లో దేశమంతా నిషేధం వచ్చేదాకా సీసమే వేయాలని ఊరి కోడ్‌లోనే రాసి ఉండేది. ఇప్పుడు ఆ ఒక్క ఊళ్ళోనే సుమారు 4 లక్షల లైన్లు మార్చాలి. 2024 అక్టోబరులో ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన నిబంధన ఈ పనికి చాలా ఊళ్ళకు పదేళ్ళ గడువు పెట్టింది. సీసం తీసిన చోట మేం వేసేది రాగి.

గడువు పెట్టినంత తేలిగ్గా పనివాళ్ళు దొరకరు. నిన్నటిదాకా ఇంటి కప్పులు వేసినవాడు, కంచెలు కట్టినవాడు సోమవారం పొద్దున యార్డుకి వచ్చి నిలబడతాడు. వారం తిరిగేసరికి గోతిలో దిగి పైపు బిగించాలి. అలాంటి క్రూకి పని నేర్పే బాధ్యత మీ మీద పడితే ఏం చేయాలో రాస్తున్నాను. ముందు మీ ఊరి స్పెసిఫికేషన్ చదువుకోండి. ఏ జాయింటు వాడాలి, ఎంత లోతు తవ్వాలి, ఎవరు చూసి ఓకే చేయాలి అన్నవి ఊరూరికీ మారతాయి. నా మాటకీ దానికీ తేడా వస్తే దాన్నే పట్టుకోండి.

యార్డులో మొదలుపెట్టండి

స్లైడ్లు పక్కన పెట్టేయండి. ఆరంగుళాల డక్టైల్ ఐరన్ (వీధి మెయిన్లకి వాడే ఇనుము) పైపు ముక్క ఒకటి, ఆరడుగులది చాలు, దిమ్మెల మీద కదలకుండా కట్టి రెండు చివర్లా మూతలు బిగించండి. మూతలకి రాడ్లు వేసి ఒకదానికొకటి కట్టాలి. లేకపోతే ప్రెషర్‌కి ఊడి ఎగురుతాయి. ఒక చివర నీళ్ళ కనెక్షన్, ఇంకో చివర గాలి పోయే వాల్వు, ఒక గేజ్. గాలంతా బయటికి పోయాకే ప్రెషర్ ఎక్కించండి. వీధి మెయిన్‌లో ఎంత ఉంటుందో అంతే పెట్టండి, 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అటూ ఇటూగా. దాని పక్కన చెక్క స్టాండుకి ఒక కర్బ్ స్టాప్ (రోడ్డు అంచున నేలలో ఉండి ఇంటికి నీళ్ళు ఆపే వాల్వు), ఇంకాస్త దూరంలో మీటర్ సెట్టింగ్ (నీళ్ళ మీటర్ కూర్చునే చోటు) బిగించండి. అసలు లైన్‌లో నీళ్ళు కారే అవకాశమున్న మూడు చోట్లూ ఇప్పుడు నేల మీదే, కళ్ళముందే ఉన్నాయి. ట్రైనీ చేసిన జాయింటు కారితే అతని బూట్ల మీదే కారుతుంది. మీరు గొంతు పెంచాల్సిన పనే లేదు.

క్రూ కంటే ముందు ఫోర్‌మన్ సంగతి చూసుకోండి. ఏళ్ళ తరబడి తన పద్ధతిలో చేస్తున్న మనిషి మీ వెనక నిలబడి ఒక్క నవ్వు నవ్వితే మీ క్లాసు అక్కడితో సరి. నేను ముందురోజే అతన్ని ఒక్కడినే పిలిచి, అతని చేతే చేయించి, ఎక్కడ తేడా ఉందో అక్కడే మాట్లాడుకుంటాను. మర్నాడు అందరికీ చేసి చూపించేది అతను. నేను పక్కన నిలబడి ఉంటానంతే. మా క్రూల్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎక్కువ, నా స్పానిష్ టూల్స్ పేర్లు దాటి పోదు. అందుకే "అర్థమైందా?" అని అడగడం మానేశాను. ఏ దేశంవాడైనా ఆ ప్రశ్నకి తలే ఊపుతాడు. చేసి చూపించమంటే తెలిసిపోతుంది.

పైపు మీద అక్షరం

భూమిలో వేసేది టైప్ కె రాగి, మెత్తటి చుట్ట. ఒక అంగుళం సైజులో దాని గోడ మందం 0.065 అంగుళం. టైప్ ఎల్‌కి 0.050, టైప్ ఎమ్‌కి 0.035. బయటి వ్యాసం మాత్రం మూడింటికీ ఒక్కటే, 1.125 అంగుళాలు. కాబట్టి ఒకే ఫిట్టింగు మూడింటికీ పడుతుంది, పల్చటి పైపు తెచ్చి బిగించినా పైకి తేడా కనపడదు. గట్టి పైపుల మీద రంగు గీత ఉంటుంది: కె కి ఆకుపచ్చ, ఎల్ కి నీలం, ఎమ్ కి ఎరుపు. చుట్ట మీద ఆ గీత కోసం వెతకొద్దు. లోహంలోనే అద్దిన అక్షరం అడుగున్నరకోసారి ఉంటుంది, గోటితో తడిమితే తగులుతుంది. ప్రతివాడి చేతా దాన్ని వెతికించి పైకి చదివించండి.

60 అడుగుల చుట్ట 50 పౌండ్లు తూగుతుంది, అంటే దాదాపు 23 కిలోలు. దాన్ని నిలబెట్టి, ఒకరు కొసని కాలితో తొక్కిపడితే ఇంకొకరు దొర్లించుకుంటూ పోవాలి. పక్కనుంచి లాగితే మెలికలు పడి, తర్వాత ఎంత సరిచేసినా గోతిలో తిన్నగా పడుకోదు. కొసలకి మూతలు చివరిదాకా ఉంచండి. మట్టి బెడ్డ ఒకటి లోపలికి పోయిందంటే నేరుగా మీటర్ దగ్గర తేలుతుంది.

రాగిని వంచడం గురించి నోటితో చెప్పి లాభం లేదు. అడుగున్నర ముక్క తలా ఒకటి ఇచ్చి వంచమంటాను. మొదటిసారి చేత్తోనే వంగుతుంది. ఇప్పుడు అదే చోట తిన్నగా చేయమంటాను. పళ్ళు బిగించాల్సి వస్తుంది. మళ్ళీ వంచమనేసరికి మోకాలు అడ్డం పెడతారు. వంచిన కొద్దీ రాగి గట్టిపడుతుందని, ఒకే చోట అటూ ఇటూ తిప్పకూడదని అప్పుడు వాళ్ళ చేతులకే తెలుస్తుంది. నొక్కుకుపోయిన పైపుని మళ్ళీ గుండ్రంగా కొట్టి వాడటం అన్నది లేదు. ఆ ముక్క కోసి పారేయాలి. పారేయడమంటే స్క్రాప్ డబ్బాలోకి. సాయంత్రం చుట్టలన్నీ ట్రైలర్‌లో పెట్టి తాళం వేయండి. ఇవాళ్టి ధరకి తెల్లారేసరికి రాగి మిగలదు.

ఫ్లేర్: ఇక్కడ తొందరపడొద్దు

పైపు కొసని గరాటులా వెడల్పు చేసి, నట్టుతో ఫిట్టింగుకి నొక్కిపెట్టే జాయింటు ఫ్లేర్. శిక్షణకి ఎంత టైమ్ ఇచ్చినా అందులో సగం నేను ఈ ఒక్క జాయింటుకే పెడతాను. కొన్ని ఊళ్ళు కంప్రెషన్ ఫిట్టింగులు (పైపు కొసని వెడల్పు చేయకుండా, నట్టు బిగింపుతోనే పట్టేవి) ఒప్పుకుంటాయి, కొన్ని ఫ్లేర్ తప్ప ఒప్పుకోవు. భూమిలో సోల్డర్ (లోహం కరిగించి అతికే) జాయింటుని చాలాచోట్ల రానివ్వరు. ఫ్లేర్ సరిగ్గా చేయగలిగినవాడికి కంప్రెషన్ ఎలాగూ వచ్చేస్తుంది.

పైపుని కట్టర్‌తోనే కోయాలి, రంపంతో కాదు. కట్టర్ పిడిని ఒకేసారి బలంగా బిగిస్తే పైపు గుండ్రం చెడుతుంది. ఒక చుట్టు తిప్పాలి, కాస్త బిగించాలి, మళ్ళీ తిప్పాలి. కోశాక లోపలి అంచు లోపలికే మడుచుకుని ఉంటుంది. అలాగే వదిలేస్తే నీళ్ళు అక్కడ సుడి తిరిగి, కొన్నేళ్ళకి ఆ పక్కనే రాగిని తినేస్తాయి. రీమర్‌తో ఆ అంచు తీయాలి. తీసేటప్పుడు పైపు నోరు కిందికి ఉంచాలి, పొట్టు బయటికే రాలుతుంది. మరీ ఎక్కువ తీసినా కష్టమే. అంచు పల్చబడి, ఫ్లేర్ కొట్టేటప్పుడు చీలుతుంది.

ఇప్పుడు నట్టు. పైపు మీదికి నట్టు ఎక్కించకుండానే ఫ్లేర్ చేసేయడం ప్రతి కొత్త క్రూలోనూ చూస్తాను. అందమైన ఫ్లేర్ ఒకటి తయారవుతుంది, దాన్ని చూసి మురిసిపోతుంటారు, నట్టేమో బల్ల మీద ఉంటుంది. నేనేమీ అనను. ఎవరో ఒకరికి వెలుగుతుంది, అందరూ నవ్వుతారు, మళ్ళీ కోత నుంచి మొదలు. నవ్విన తప్పు ఇంక చేయరు.

చుట్టలోంచి వచ్చిన పైపు కొస పూర్తి గుండ్రంగా ఉండదు, సైజింగ్ టూల్ పెట్టి గుండ్రం చేయాలి. తర్వాత ఫ్లేరింగ్ టూల్ నిటారుగా నిలిపి, చిన్న దెబ్బలు వేస్తూ, దెబ్బకీ దెబ్బకీ మధ్య టూల్‌ని కొద్దిగా తిప్పుతూ ఉండాలి. ఒక్క పెద్ద దెబ్బతో తేల్చేద్దామనుకునేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. అతని ఫ్లేర్ ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు ఇరుగ్గా వస్తుంది. అయ్యాక ముఖాన్ని వెలుతురులో తిప్పి చూడాలి. అంచున వెంట్రుకవాసి చీలిక ఉన్నా, ముఖం మీద గీత ఉన్నా కోసేయాలి. ఆ ముఖం మీద టేపు గానీ డోపు (మరలకి పూసే ముద్ద) గానీ వేయకూడదు. లోహం మీద లోహం కూర్చునే జాయింటు అది, మధ్యలో ఇంకేమీ ఉండకూడదు.

ఫిట్టింగులోకి వెళ్ళే చివరి అడుగు మేర పైపు తిన్నగా ఉండాలి. వంపు నేరుగా నట్టులోంచి మొదలైతే ఫ్లేర్ పక్కకి కూర్చుంటుంది. నట్టు చేత్తోనే చివరిదాకా తిరగాలి. సగంలో పట్టేసిందంటే పైపు వంకరగా వచ్చిందన్నమాట. పానా పెట్టి బలవంతం చేయకుండా, విప్పి పైపుని సరిచేయాలి. బిగించేటప్పుడు పానాలు రెండు: ఒకటి నట్టు మీద, రెండోది ఫిట్టింగు ఒంటి మీద కదలకుండా పట్టడానికి. రెండోది లేకపోతే నట్టుతోపాటు మెయిన్‌లో ఉన్న స్టాప్ (వాల్వు) కూడా తిరుగుతుంది, ఆ పొద్దు ఇంక ఇంటికి వెళ్ళినట్టే. ఇత్తడి మీద పళ్ళున్న పైప్ రెంచ్ వాడనివ్వకండి.

ప్రెషర్ పెట్టాక చుక్క కారలేదు. అయినా నేను వదలను, విప్పించి ముఖం చూపిస్తాను. సరిగ్గా కూర్చున్న ఫ్లేర్ మీద చుట్టూతా ఒకే వెడల్పున మెరిసే పట్టీ పడి ఉంటుంది. ఒకపక్క సన్నబడిన పట్టీ ఇవాళ కారకపోయినా, నేల కాస్త కుంగిన రోజున కారుతుంది. రెండు మూడు రోజులు పోయేసరికి వాళ్ళంతట వాళ్ళే ఒకరి జాయింటు ఒకరు విప్పి చూసుకోవడం మొదలుపెడతారు. అప్పుడు గోతిలోకి పంపొచ్చు.

కంప్రెషన్‌కి ఒకటే మాట: లోపలికి ఎంత వెళ్ళాలో ముందే కొలిచి పైపు మీద మార్కర్‌తో గీత గీయించండి. బిగించాక ఆ గీత నట్టు అంచున కనపడాలి. గీత దూరంగా ఉంటే పైపు చివరిదాకా వెళ్ళలేదు.

మెయిన్‌కి ట్యాప్

మన ఊళ్ళలో మెయిన్‌కి ఫెర్రూల్ కొట్టడం చూసినవాళ్ళకి కార్పొరేషన్ స్టాప్ (మెయిన్‌కే బిగించే చిన్న వాల్వు) కొత్తేమీ కాదు. ఇక్కడ తేడా ఏమిటంటే మెయిన్‌లో నీళ్ళు ఆపకుండా, ప్రెషర్ ఉండగానే మెషీన్‌తో రంధ్రం వేసి, మర తీసి, స్టాప్ బిగిస్తారు. డక్టైల్ ఐరన్‌కి చిన్న సైజులు నేరుగా కొట్టొచ్చు. పీవీసీ మెయిన్ అయితే శాడిల్ (మెయిన్ చుట్టూ బిగించే పట్టీ) వేయించండి. కోసిన బిళ్ళని తనలోనే పట్టి ఉంచే షెల్ కట్టర్ వాడాలి, లేకపోతే ఆ బిళ్ళ మెయిన్‌లోకి కొట్టుకుపోతుంది. రెండు ట్యాపుల మధ్య కనీసం 18 అంగుళాల దూరం, అవి కూడా ఒకే గీత మీద కాకుండా. టేపు కావాలంటే మెయిన్‌లోకి వెళ్ళే మర మీదే, ఇంకెక్కడా వద్దు.

స్టాప్‌ని మెషీన్‌లో పెట్టేముందు అది మూసి ఉందో లేదో ఇద్దరు చూడాలి. చూసి, పైకి అనాలి. తెరిచి ఉన్న స్టాప్‌ని బిగించి మెషీన్ తీస్తే మెయిన్ నీళ్ళన్నీ మొహం మీదే. యార్డులో నేను కావాలని ఒకసారి తెరిచిన స్టాప్ అందిస్తాను. ఎవరు పట్టుకుంటారో చూస్తాను.

గొయ్యి

దీని గురించి తక్కువ రాస్తున్నానంటే తక్కువ ముఖ్యమని కాదు, ఇందులో చర్చ లేదు కాబట్టి. తవ్వేముందు, భూమిలో ఏ లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే 811 నంబరుకి ఫోన్ చేయాలి. వాళ్ళొచ్చి వేసిన రంగులు క్రూ మొత్తానికి తెలిసి ఉండాలి: నీలం నీళ్ళు, పసుపు గ్యాస్, ఎరుపు కరెంటు, నారింజ ఫోన్, ఆకుపచ్చ మురుగు. పనిచోట భద్రత చూసే ఓషా లెక్క ప్రకారం 5 అడుగులు గానీ అంతకుమించి గానీ లోతున్న గొయ్యికి గట్టి రాయి అయితే తప్ప ట్రెంచ్ బాక్సో (గోడలు కూలకుండా దించే పెట్టె), ఏటవాలు కోతో ఉండాలి. 4 అడుగులకే నిచ్చెన, అదీ మనిషికి 25 అడుగుల లోపు. తవ్విన మట్టి అంచుకి 2 అడుగుల అవతల. ఇక్కడ చలికి నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి పైపు వేయాలి కాబట్టి మా గోతులు 5 అడుగులకి తక్కువ ఉండటం అరుదు. ఒక ఘనగజం మట్టి 3,000 పౌండ్ల దాకా తూగుతుంది. బాక్స్ రావడానికి గంట పడుతుందంటే ఆ గంట కూర్చుంటాం.

పాత లైన్ కోసేముందు

నేర్పేవాళ్ళు చాలామంది దాటేసే చోటు ఇది. ఇక్కడి పాత ఇళ్ళలో కరెంటు ఎర్తింగ్ ఈ నీళ్ళ పైపుకే కట్టి ఉంటుంది. ఇంటి న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగిందనుకోండి, తిరిగి వెళ్ళాల్సిన కరెంటు పైపు పట్టుకుని మెయిన్‌లోకి, అక్కడి నుంచి పక్కింటి లైన్‌లోకి దారి వెతుక్కుంటుంది. ఇంట్లో లైట్లు మామూలుగానే వెలుగుతుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మనవాడు గోతిలో, బురదలో కూర్చుని పైపుని రెండుగా కోసి, ఒక్కో చేత్తో ఒక్కో ముక్క పట్టుకున్నాడంటే ఆ కరెంటుకి మిగిలిన దారి అతనే.

కాబట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ లేకుండా పైపు ముట్టుకోవద్దు. పైపు చుట్టూ మీటర్ వేసి చూడాలి. కరెంటు పారుతున్నట్టు చూపిస్తే పని ఆపి, గోతిలోంచి పైకొచ్చి, కరెంటు కంపెనీకి ఫోన్ చేయాలి. దాన్ని బాగుచేయడం మన పని కాదు. ఏమీ చూపించకపోయినా కోసే చోటుకి ఇరుపక్కలా, కరెంటుకి వేరే దారి ఇచ్చే జంపర్ కేబుల్ బిగించాకే కోయాలి. ఆ జంపర్‌ని అన్నిటికంటే ఆఖర్న, కొత్త పైపు కలిశాకే తీయాలి. నీళ్ళ మీటర్ విప్పేటప్పుడూ ఇంతే. యార్డులో పాత పైపు ముక్క ఒకటి పెట్టి ఈ వరసని ఖాళీగానే చేయించండి: క్లాంప్ మీటర్, జంపర్, కోత. గోతిలో జంపర్ మర్చిపోయినవాడిని ఆ రోజుకి పైకి పిలిచేస్తాను, ఎంత సీనియర్ అయినా సరే.

సగం మార్చి సగం సీసం ఉంచేయడం ఉండకూడదు. సీసానికి రాగి కలిపితే ఆ కలిసిన చోట సీసం మరింత తొందరగా నీళ్ళలోకి కరుగుతుంది. మెయిన్ నుంచి మీటర్ దాకా మొత్తం తీయాలి.

వేయడం, నీళ్ళు వదలడం

గొయ్యి అడుగున ఇసుక పరిచి, దాని మీద పైపుని కాస్త వదులుగా, అటూ ఇటూ చిన్న వంపులతో పడుకోబెట్టండి. మెయిన్ దగ్గర స్టాప్ నుంచి దిగేచోట ఒక వంపు తప్పనిసరి. నేల కుంగినా, చలికి పైపు కుంచించుకున్నా ఆ వదులే జాయింటుని కాపాడుతుంది. బిగుతుగా లాగిన లైన్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, అందుకే కొత్తవాళ్ళకి అదే నచ్చుతుంది. బొగ్గు బూడిద కలిసిన పాత మట్టిని మళ్ళీ పైపు మీద వేయనివ్వకండి, అది రాగిని తినేస్తుంది. మెయిన్ నుంచి కర్బ్ స్టాప్ దాకా ఒకే ముక్క, మధ్యలో జాయింటు వద్దు.

కర్బ్ స్టాప్ కింద ఇటుకో దిమ్మో పెట్టండి. పైన నిలిపే బాక్స్, షికాగోలో దాన్ని బఫెలో బాక్స్ అంటారు, నిట్టనిలువుగా ఉండాలి, దాని బరువు రాగి మీద పడకూడదు. పూడ్చకముందే తాళంచెవి రాడ్ దించి స్టాప్ తిప్పి చూడాలి. జనవరిలో మంచు కింద బాక్స్ వెతికి, రాడ్ దించితే తగలకపోతే ఆ చలిలో మళ్ళీ తవ్వేది మనమే.

తర్వాత కార్పొరేషన్ స్టాప్ మెల్లగా తెరిచి, గాలి పోనిచ్చి, పూర్తి ప్రెషర్ వచ్చాక ప్రతి జాయింటునీ పొడిగుడ్డతో తుడవాలి. కొంతసేపు ఆగి, ఈసారి ఒట్టి వేళ్ళతో చుట్టూ తడమాలి, ముఖ్యంగా కంటికి కనపడని కింది వైపు. చెమటా కారుడా అన్న అనుమానం వస్తే మళ్ళీ తుడిచి మళ్ళీ ఆగాలి. మా దగ్గర ఒక రూలుంది: తడిమి చూసిన మనిషి సరే అంటేనే తవ్వే యంత్రం ఆపరేటర్ బకెట్ కదుపుతాడు. ఆ మనిషి క్రూలో అందరికంటే జూనియర్ అయి ఉండాలి. ఫోర్‌మన్లకి మొదట్లో ఇది మింగుడుపడదు. కానీ ఆగమనే హక్కు ఉందని తెలిశాక జూనియర్లు నిజంగానే చూస్తారు.

ఇంట్లో కుళాయిల చివరి జాలీలు విప్పించి, పూర్తిగా తెరిచి కనీసం 30 నిమిషాలు నీళ్ళు వదలాలి. కోత పనిలో కదిలిన సీసం రేణువులు ఆ జాలీల్లోనే చేరతాయి. ఫిల్టర్ జగ్గు ఇచ్చి 6 నెలలు దాంతోనే తాగమని, వంటకీ అదే వాడమని ఇంటివాళ్ళకి చెప్పాలి. రాగి పైపులు వేస్తున్నానని ఫోన్‌లో చెబితే మా పెద్దమ్మ "అయితే వాళ్ళందరికీ రోజూ రాగిచెంబు నీళ్ళేనన్నమాట" అని తెగ సంబరపడింది. ఇక్కడ ఈపీఏ లెక్కలో రాగికీ ఒక హద్దు ఉంది, లీటరుకి 1.3 మిల్లీగ్రాములు. కొత్త పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు కాస్త లోహం రుచి వేయొచ్చు. పొద్దున్నే కాసేపు కుళాయి వదిలి పట్టుకోమనండి.

గొయ్యి పూడ్చేముందు మూడు జాయింట్లకీ ఫొటోలు తీయించండి, పక్కన కొలత టేపు కనపడేలా. కర్బ్ బాక్స్ ఇంటి రెండు మూలల నుంచి ఎంత దూరమో కొలిచి కార్డు మీద బొమ్మ గీయించండి. గీసేది ట్రైనీయే, కింద పేరు రాసేదీ అతనే. ఎవరు లైన్ తెరిచినా ఆ కార్డు చూసే తవ్వుతారు, కాబట్టి అంకెలు చదవగలిగేలా రాయమని మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పండి.